మా తమ్ముడికి పరుగెత్తేందుకు వేసుకునే బ్లేడ్ కాలు కావాలట. కాలు పోయి ఐదు నెలలే, తొందరపడుతున్నామా?

కిటికీపక్క_సీటు | మంగళవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే సర్దుకోండి.

మా తమ్ముడు సైనికుడు, 27 ఏళ్లు. మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఆ వైపు చెవి కూడా సరిగా వినబడదు. ఇప్పటికి ఐదు నెలలు. కుట్లు మానాయి. రెండు వారాల కింద మొదటి కృత్రిమ కాలు ఇచ్చారు, రోజుకి రెండు గంటలు వేసుకుని నడుస్తున్నాడు. రాత్రిళ్లు మాత్రం లేని పాదంలో బొటనవేలు ఎవరో మెలిపెడుతున్నట్టు ఉందని లేచి కూర్చుంటాడు.

వాడు యూనిట్‌లో క్రాస్ కంట్రీ రన్నర్. ఇప్పుడు పొద్దస్తమానం ఫోన్‌లో బ్లేడ్ మీద పరుగెత్తేవాళ్ల వీడియోలే. తనకూ బ్లేడ్ కావాలి, వచ్చే నెల నుంచే పరుగు మొదలుపెట్టాలి అంటాడు. నాన్న వద్దంటే వద్దంటున్నారు. నేను సరే అన్నాను, ఎందుకంటే ఐదు నెలల్లో వాడు ఏదైనా కావాలని అడగడం ఇదే మొదటిసారి. అమ్మ మా ముగ్గురితోనూ మాట్లాడట్లేదు.

మీలో ఈ దారిన వెళ్లినవాళ్లు గానీ, వైద్యం తెలిసినవాళ్లు గానీ ఉంటే చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జై_బోలో | మంగళవారం, రాత్రి 10:58

సెల్యూట్ అక్కా! మీ తమ్ముడు రియల్ హీరో. పారాలింపిక్స్‌లో గోల్డ్ గ్యారంటీ, రాసిపెట్టుకోండి!!

పాత_బూట్లు | మంగళవారం, రాత్రి 11:31

జై_బోలో తమ్ముడూ, మంచి మనసుతోనే అన్నావు, కాదనను. కానీ ఆ గ్యారంటీ మాట ఆ అబ్బాయి చెవిన వేయొద్దు. నాకూ మోకాలి కిందే పోయింది, పంతొమ్మిదేళ్లయింది. ఆసుపత్రికి వచ్చిన ప్రతివాడూ హీరో అనే అన్నాడు. ఆ రోజుల్లో నాకు కావలసింది ఎవరి సాయమూ లేకుండా బాత్‌రూమ్‌కి వెళ్లి రావడం. అది చేతకాని మనిషిని హీరో అంటుంటే ఎవరి గురించో చెబుతున్నట్టు ఉండేది.

అమ్మా కిటికీపక్క_సీటు, ముందు ఒక చిన్న విషయం. రాత్రి మంచం దిగేటప్పుడు జాగ్రత్త. నిద్రమత్తులో కాలు ఉందనుకుని అడుగేస్తాం. నేను అలా రెండుసార్లు పడ్డాను, రెండోసారి కుట్లు ఊడాయి. ఊతకర్రలు గోడకి కాదు, మంచానికే ఆనించి ఉంచండి, చెయ్యి చాస్తే తగలాలి. బ్లేడ్ సంగతి తర్వాత.

వాడు అడిగాడు చూడు, అది మంచి గుర్తు. నేను ఏడాది దాకా ఏమీ అడగలేదు.

నడిపించే_చేయి | బుధవారం, ఉదయం 6:15

నేను ఫిజియోథెరపిస్టుని. కాళ్లు, చేతులు కోల్పోయినవాళ్లతోనే పదకొండేళ్లుగా పని. మీ తమ్ముణ్ణి చూడకుండా ‘ఇది చెయ్యి, అది చెయ్యొద్దు’ అనలేను. అయితే ఐదో నెలలో ఏం జరుగుతుందో చెబితే మీకే కొంత తెలుస్తుంది.

ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో మొండి (కోసేశాక మిగిలిన కాలు) వాపు దిగుతూ, వాడకం లేని కండ తగ్గుతూ సైజు మారిపోతూ ఉంటుంది. ఈ రోజు సరిపోయిన సాకెట్, అంటే కృత్రిమ కాలిలో మొండిని దూర్చుకునే తొడుగు, నెల తిరిగేసరికి వదులవుతుంది. వదులైతే మొండి లోపలికి జారి, అడుగున ఎముక చివర మీద బరువు పడుతుంది. అక్కడే చర్మం ఒరుసుకుపోతుంది. అందుకే మందం తేడా ఉన్న మేజోళ్లు ఇస్తారు. పొద్దున ఒకటి వేసుకున్నవాళ్లు సాయంత్రానికి మూడు వేసుకోవాల్సి రావచ్చు. ఆ లెక్క వాడికి ఒంటబట్టాలి. కాలు విప్పిన ప్రతిసారీ అద్దంలో మొండి అడుగుభాగం చూసుకోవాలి. ఎర్రదనం పది పదిహేను నిమిషాల్లో పోతే ఫర్వాలేదు, పోకపోతే ఆ రోజుకి కాలు పక్కన పెట్టాలి. ఒక్క బొబ్బ రెండు వారాల నడకని మింగేస్తుంది.

రెండోది, మోకాలు. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెడుతున్నారా? హాయిగానే ఉంటుంది. కానీ వెనక కండరాలు బిగుసుకుని మోకాలు వంగిన చోటే ఉండిపోతుంది. పూర్తిగా చాపుకోలేని మోకాలితో నడకే కష్టం, పరుగు మాట అడగనే వద్దు. రోజూ కాసేపు బోర్లా పడుకోమనండి, తుంటి దగ్గర కూడా సాగుతుంది.

లేని పాదంలో నొప్పి అన్నారు. అది భ్రమ కాదు, వాడు పెంచి చెప్పడమూ కాదు. ‘ఫాంటమ్ లింబ్’ (పోయిన అవయవం ఇంకా ఉన్నట్టే అనిపించడం) అనే పేరే ఒక యుద్ధం తర్వాత వచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు వైద్యం చేసిన వైర్ మిచెల్ 1871లో ఆ మాట వాడాడు. మెదడులో ఆ కాలి పటం ఇంకా చెరగలేదన్నమాట. 1990లలో మెదడు మీద పరిశోధన చేసే వి.ఎస్. రామచంద్రన్ తెచ్చిన అద్దం పద్ధతి ఒకటుంది. రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టి, ఉన్న కాలి ప్రతిబింబం చూస్తూ వేళ్లు కదిలించాలి. కొందరికి మెలిపెట్టిన వేలు విడిపోయినట్టు అనిపిస్తుంది. అందరికీ పనిచేయదు, చేస్తే మాత్రం చవకైన మందు.

ఇక బ్లేడ్. అది కార్బన్ ఫైబర్ స్ప్రింగ్. బరువు పడితే వంగుతుంది, వదిలితే తోస్తుంది. మడమ ఉండదు, కాబట్టి దాని మీద కదలకుండా నిలబడడమే ఒక విద్య. పరుగెత్తేటప్పుడు మొండి మీద పడే బరువు నడకలో కంటే చాలా ఎక్కువ. ఇంకా సైజు మారుతున్న మొండికి బ్లేడ్ సాకెట్ చేయిస్తే అది రెండు నెలల్లో పనికిరాకుండా పోతుంది. పేలుడు గాయాల్లో ఇంకో చిక్కు ఉంది. కండలో ఉండకూడని చోట ఎముక పెరుగుతుంది. వాడికి అలా ఏమైనా ఉందేమో ఎక్స్‌రే చూసినవాళ్లని అడగండి.

అంటే పరుగు వద్దని కాదు. మీ నాన్నగారికీ అదే చెప్పండి. వద్దు వేరు, ఇప్పుడే వద్దు వేరు.

కిటికీపక్క_సీటు | బుధవారం, ఉదయం 7:02

అయ్యో, అమ్మ రోజూ రెండు దిండ్లు పెడుతోంది! ఇప్పుడే వెళ్లి తీసేశాను. ‘ఎవడో ఫోన్‌లో చెబితే బిడ్డ కాలు నేలకేసి కొడతారా’ అంది. పోనీలెండి, మాట్లాడింది.

పాత_బూట్లు | బుధవారం, ఉదయం 7:20

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

తారీఖుల_పిచ్చి | బుధవారం, మధ్యాహ్నం 1:47

నేను డాక్టర్ని కాను, కోచ్‌నీ కాను, చరిత్ర చదువుతుంటాను. నాన్నగారు వద్దంటున్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలనిపించింది. ఆట అనేది వైద్యం అయిపోయాక చేసుకునే సరదా అని చాలామంది అనుకుంటారు. పారాలింపిక్స్ పుట్టిందే ఆసుపత్రి వార్డులో.

నాజీల నుంచి 1939లో తప్పించుకుని ఇంగ్లండ్ చేరిన నరాల వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్. 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నెముక గాయాల విభాగం ఆయన చేతికిచ్చారు. అప్పట్లో వెన్నుపూస విరిగిన సైనికుడంటే ఆశ వదిలేసుకున్నట్టే. పుండ్లు పట్టి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి పోయేవాళ్లు. ఆయన ముందు చేసిన పని ఆటలు ఆడించడం కాదు. రెండు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా, రోగిని పక్కకి తిప్పించడం. నడిపించే_చేయి గారు పైన చెప్పిన చర్మం గోలే అన్నమాట.

పుండ్లు మానాక మిగిలిన సమస్య, రోజంతా పైకప్పు చూస్తూ పడి ఉండడం. అప్పుడు వీల్‌చైర్ పోలో మొదలైంది. మరీ మొరటుగా తయారైందని మాన్పించి నెట్‌బాల్ ఆడించారు. విలువిద్య అయితే వీపు, భుజాలు, నడుము పైన పట్టు అన్నింటికీ పనికొస్తుందని ఎంచుకున్నారు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజే, ఆసుపత్రి పచ్చిక మీద 16 మంది మాజీ సైనికులు విల్లు పట్టారు. అందులో ఇద్దరు స్త్రీలు. 1952లో డచ్ మాజీ సైనికులు వచ్చి కలిశారు, 1960లో ఆ పోటీలే రోమ్‌కి పోయి తొలి పారాలింపిక్స్ అయ్యాయి.

మనవైపు సైనికుడు మురళీకాంత్ పేట్కర్ సంగతి తెలిసిందే. ఆయన బాక్సర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలాయి. ఈతకి వెళ్లింది చికిత్సగా. 1972 హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్ 37.33 సెకన్లలో ఈది స్వర్ణం తెచ్చారు, మన దేశానికి అదే తొలి పారాలింపిక్ స్వర్ణం. పద్మశ్రీ 2018లో గానీ రాలేదు. ఆ ఆలస్యం గురించి రాస్తే ఇంకో థ్రెడ్ అవుతుంది.

ఇంకొకాయన, హంగరీ సైనికుడు కారోయ్ తకాచ్. 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది, ఆయన పిస్తోలు పేల్చే చెయ్యి అదే. ఎడమ చేత్తో మొదటినుంచీ నేర్చుకుని 1948లోనూ 1952లోనూ మామూలు ఒలింపిక్స్‌లోనే ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీలో స్వర్ణం గెలిచాడు.

ఎదురీత | బుధవారం, సాయంత్రం 5:10

గెలిచినవాళ్ల పేర్లు చెప్పడం తేలికే. గెలవనివాళ్ల మాటేమిటి? గాయపడ్డ సైనికుడిని మైదానంలోకి తెచ్చి ఫొటోలు తీసుకోవడం, చప్పట్లు కొట్టడం, ఆ తర్వాత మర్చిపోవడం. నిన్నటిదాకా యుద్ధంలో నిరూపించుకో అన్నాం, ఇప్పుడు ట్రాక్ మీద నిరూపించుకో అంటున్నాం. మామూలుగా ఇంట్లో కూర్చునే హక్కు లేదా వాడికి?

జై_బోలో | బుధవారం, సాయంత్రం 5:14

ఇలా నెగెటివ్‌గా మాట్లాడేవాళ్ల వల్లే...

పాత_బూట్లు | బుధవారం, సాయంత్రం 6:40

ఆగు తమ్ముడూ. ఎదురీత గారు అన్నదాంట్లో సగం నా మనసులో మాటే.

నేను ఏ పతకమూ తేలేదు. రెండో ఏడు ఒక స్నేహితుడు బలవంతంగా సిటింగ్ వాలీబాల్‌కి లాక్కెళ్లాడు. కోర్టు చిన్నది, 10 మీటర్లు, 6 మీటర్లు. నెట్ 1.15 మీటర్లు. చూస్తే పిల్లలాట అనిపించింది. అందరూ కృత్రిమ కాళ్లు విప్పి గోడవార పెట్టారు, వరసగా బూట్లతో సహా పదిహేను కాళ్లు. నేను మాత్రం విప్పలేదు. మొండి ఎవరికీ చూపించేవాణ్ణి కాదు, మా ఆవిడకి కూడా. పావుగంటలో అర్థమైంది, ఆ కాలు వేసుకుని నేల మీద జరగలేం. బంతి వచ్చేలోపు పిరుదులు ఈడ్చుకుంటూ అక్కడికి చేరాలి, కొట్టేటప్పుడు పిరుదులు నేల వదలకూడదు. నా మీదుగా నాలుగు బంతులు పోయాయి. పక్కనున్న రెండు కాళ్లూ లేని కుర్రాడు ‘అంకుల్, సామాను దించుకోండి’ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. విప్పాను.

ఆ రోజు ఓడిపోయాం. ఆ తర్వాత కూడా చాలాసార్లు ఓడిపోయాం. కానీ నా మొండిని చూసి జాలిపడనివాళ్లు వారానికి రెండుసార్లు దొరికేవాళ్లు. ఆట వల్ల నాకు ఒరిగింది అది. ఇంట్లో కూర్చునే హక్కు ఉంది, నేను ఏడాది వాడుకున్నాను. కూర్చోవడం వేరు, కూరుకుపోవడం వేరు.

ఇంకో మాట, నవ్వొస్తే నవ్వండి. కృత్రిమ పాదానికీ బూటు కావాలి, కాబట్టి జత వృథా కాదు. ఆ కాలి బూటు కంపు మాత్రం కొట్టదు.

గుండు_గురువు | బుధవారం, రాత్రి 9:25

గుండు, ఈటె లాంటివి విసిరే త్రోల కోచ్‌ని. పారా ఆటగాళ్లతో కొంతకాలంగా పనిచేస్తున్నాను. ఆ అబ్బాయి కళ్లకి పరుగు తప్ప ఏదీ ఆనడం లేదు కాబట్టి, మిగతా తలుపులు ఎలా ఉంటాయో చెబుతాను.

పారా ఆటల్లో క్లాసులుంటాయి. అథ్లెటిక్స్‌లో టి అంటే ట్రాక్, జంపులు. ఎఫ్ అంటే త్రోలు. పక్కన అంకె. మోకాలి కింద కాలు పోయి కృత్రిమ కాలు వేసుకుని నిలబడి పోటీపడేవాళ్లది 64. మన పారా ఆటగాడు సుమిత్ అంటిల్ ఈటె విసిరేది ఎఫ్64లో. కూర్చుని విసిరేవాళ్లలో ఎఫ్57 ఒకటి. ఎవరు ఏ క్లాసో మనం అనుకుంటే చాలదు, క్లాసిఫయర్లు పరీక్ష చేసి తేలుస్తారు. ఆ కాగితాలు చిరాకే, కానీ ముందే సిద్ధం చేసుకోవాలి.

ఎఫ్57 అంటే హొకాటో సేమా గారు గుర్తొస్తారు. అస్సాం రెజిమెంట్ సైనికుడు. 2002లో నియంత్రణ రేఖ దగ్గర మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. షాట్‌పుట్ (గుండు విసరడం) మొదలుపెట్టింది 2016లో, అప్పటికి ఆయనకి 32 ఏళ్లు. 2024 పారిస్‌లో 14.65 మీటర్లు విసిరి కాంస్యం. గాయానికీ మొదటి గుండుకీ మధ్య పద్నాలుగేళ్లు చూడండి. అదే పోటీలో సోమన్ రాణా గారు కూడా ఉన్నారు, ఆయనా మందుపాతరకి కాలు కోల్పోయిన సైనికుడే. మీ తమ్ముడికి 27. వచ్చే నెలే మొదలుపెట్టకపోతే ఏదో మునిగిపోతుందనే టెన్షన్ అక్కర్లేదు.

కూర్చుని విసరడంలో సుఖం ఏమిటంటే మొండి మీద బరువు పడదు. సాకెట్ సరిపోకపోయినా, బొబ్బ ఉన్నా ప్రాక్టీస్ ఆగదు. ఇనుప ఫ్రేము నేలకి బిగిస్తారు, సీటు మెత్తతో సహా 75 సెంటీమీటర్ల ఎత్తు దాటకూడదు. మగవాళ్ల ఎఫ్57 గుండు 4 కిలోలు. తేలికే కదా అనుకుంటారు. కాళ్ల తోపు లేకుండా నడుము తిప్పుతోనే విసరాలి, పిరుదులు సీటు వదిలితే ఫౌల్. పరుగువీరులకి మొదటి నెల అసలు నచ్చదు, ముందే చెబుతున్నా.

వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ కూడా చూడమనండి. ఒక్కొక్కరికి గాయాన్ని బట్టి 1 నుంచి 4.5 దాకా పాయింట్లు, కోర్టులో ఐదుగురివీ కలిపి 14 దాటకూడదు. అంటే ఎక్కువ గాయమైనవాడు లేకుండా జట్టే కుదరదు. ఆ రూలు రాసినవాడెవడో గానీ మనిషి తెలిసినవాడు. బుట్ట ఎత్తు మాత్రం మామూలుదే, 3.05 మీటర్లు.

గోడమీది_గడియారం | గురువారం, తెల్లవారుజాము 3:08

ఈ టైమ్‌లో రాస్తున్నానంటే అర్థం చేసుకోండి.

మావారిది కనిపించే గాయం కాదు. కాళ్లూ చేతులూ ఉన్నాయి, నిద్ర లేదు. డాక్టర్ సలహా మీదే రన్నింగ్ మొదలుపెట్టారు, నిజంగా మార్పు కనిపించింది. మూడు నెలలకి ఏదో చిన్న పోటీ అంటే అందరం వెళ్లాం. స్టార్టర్ పిస్తోలు పేలింది. అందరూ ముందుకి పరుగెత్తారు, ఈయన నేల మీద బోర్లా పడుకున్నారు. జనం కాలు మడతపడిందనుకున్నారు. మళ్లీ ట్రాక్ మొహం చూడ్డానికి ఎనిమిది నెలలు పట్టింది.

మేము ఎవరం దాని గురించి ముందు ఆలోచించలేదు. కిటికీపక్క_సీటు గారూ, మీ తమ్ముడిది కూడా పేలుడు గాయం. కాలి గురించి ఇంతమంది ఇంత చక్కగా చెప్పారు. మైదానంలో చప్పుళ్లుంటాయి. ఎక్కడికి తీసుకెళ్లినా కోచ్‌కి ముందే చెప్పండి, విజిల్‌తోనో జెండాతోనో మొదలుపెట్టమని. మానసిక వైద్యుడి దగ్గరకి వెళ్లడం ఆటకి బదులు కాదు, ఆటతో పాటు.

గాయపడ్డ సైనికుల కోసం 2014లో లండన్‌లో మొదలైన ఇన్విక్టస్ గేమ్స్‌లో ఇలాంటి లోపలి గాయాలున్నవాళ్లనీ పోటీకి తీసుకుంటారని చదివి నేను ఏడ్చాను. మావారు మాత్రం ఇప్పుడు చెరువులో ఈత కొడతారు. నీళ్ల కింద ఏమీ వినబడదట.

ఎదురీత | గురువారం, ఉదయం 8:33

నిన్న కటువుగా రాశాను. గోడమీది_గడియారం గారూ, మీది చదివాక నా మాట వెనక్కి తీసుకోను గానీ, చెప్పిన తీరు వెనక్కి తీసుకుంటాను.

కిటికీపక్క_సీటు | గురువారం, రాత్రి 10:20

అన్నీ చదివాను. వాడికీ ఫోన్ ఇచ్చాను. గంటసేపు చదివాడు, ఏమీ అనలేదు. ‘సామాను దించుకోండి’ దగ్గర మాత్రం నవ్వు వినబడింది. స్టార్టర్ పిస్తోలు గురించి చదివాక లేచి వరండాలోకి వెళ్లాడు. కాసేపటికి నేనూ వెళ్లాను. దీపావళి రోజు ఎక్కడైనా దూరంగా వెళ్దామా అక్కా అన్నాడు. వాడికి ఆ భయం ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను వాడి తరఫున సరే అన్నానని గొప్పగా రాశాను కదా, వాడు అడిగింది వినడమే తప్ప నేను వాణ్ణి ఏమీ అడగలేదు.

పర్యవేక్షకుడు | శుక్రవారం, ఉదయం 9:00

పేజీ పైన పిన్ చేస్తున్నాం. గాయాల ఫొటోలు పెట్టొద్దని మనవి.

కిటికీపక్క_సీటు | నాలుగు నెలల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:05

అడిగినవాళ్లందరికీ, ఆలస్యంగా.

రెండో సాకెట్ వచ్చింది. మొదటిది నిజంగానే వదులైపోయింది, చివర్లో ఐదు మేజోళ్లు వేసేవాడు. మోకాలు పూర్తిగా చాచగలుగుతున్నాడు, ఆ ఘనత తనదేనని అమ్మ అందరికీ చెబుతోంది. అద్దం పద్ధతి వాడికి పెద్దగా పనిచేయలేదు. నొప్పికి మందు మార్చారు, ఇప్పుడు వారానికి ఒకటి రెండు రాత్రులే. కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాడు, దాని గురించి మాట్లాడడు, మేం అడగం.

బ్లేడ్ ఇంకా రాలేదు. మొండి సైజు నిలకడ అయ్యాక చూద్దామన్నారు. ఈలోపు గుండు పట్టుకున్నాడు. గురువుగారూ, మీరన్నట్టే మొదటి నెల అసహ్యించుకున్నాడు. ‘కూర్చుని చేసేది ఆటేమిటి’ అని. మొన్న మొదటి పోటీ. తొమ్మిదిమందిలో ఏడోవాడు. రెండు ఫౌళ్లు, సీటు మీంచి లేచాడని. ఇంటికొచ్చి ఒక్కముక్క మాట్లాడలేదు. మేం భయపడ్డాం. చివరికి చూస్తే బాధ కాదు, కోపం. ఆ ఫౌల్ తప్పుగా ఇచ్చారని వీడియో ఆపి ఆపి నాన్నకి చూపిస్తున్నాడు. నాన్న కూడా తప్పే అంటున్నారు. నాకైతే లేచినట్టే కనిపించింది, చెప్పలేదు.

ఒక సందేహం. ఫ్రేముకి తొడ కట్టే బెల్టు లోతుగా దిగి కమిలిపోతోంది. సాగే బెల్టు వాడొచ్చా?

గుండు_గురువు | ఆదివారం, రాత్రి 8:12

సాగే బెల్టు వాడకూడదు, రూల్ ఒప్పుకోదు. వెడల్పుగా ఉన్న నాడా బెల్టు తీసుకుని తొడ పక్క మెత్త పెట్టండి. ఒకటే బెల్టు బిగించకండి, రెండు చోట్ల కట్టండి, తుంటికి దగ్గరగా ఒకటి, మోకాలి పైన ఒకటి. సీటు మీంచి లేవడం కూడా తగ్గుతుంది. ఫౌల్ నిజమే అని మీరు చెప్పొద్దు, వీడియో నాకు పంపండి, నేను చెబుతాను.

పాత_బూట్లు | ఆదివారం, రాత్రి 8:30

నాకూ పంపమ్మా. నేను మీ నాన్న పక్షం.